కుట్టేవారికి ‘ఎదగండి’ అని చెప్పేవారికి ఒక బహిరంగ లేఖ

క్విల్ట్ (బొంత) ప్రదర్శనల నిర్వాహకులకు, న్యాయనిర్ణేతలకు, వస్త్రకళ శిబిరాలు నడిపే శిక్షకులకు,

నమస్కారం.

గోడలు, దీపాలు, రవాణా, కాపలా చూసుకుంటూనే వచ్చిన ప్రతి పనినీ పరిశీలించడం తేలికేమీ కాదు. ఆ శ్రమకు కృతజ్ఞతలు.

ఎంపిక కాని పనికి కారణం చెప్పమని, అమ్మకం లెక్కలు ముందే తెలపమని, బొంతల్ని నలగకుండా తిప్పి పంపమని ఇదివరకే విడివిడిగా అడిగాం. జవాబు రాలేదు. అందుకే ఈసారి అందరి ముందూ అడుగుతున్నాం.

కుట్టేవారికి మీ వేదికల మీద నుంచి అందే సలహా దాదాపు ఎప్పుడూ ఒకటే: సాధన చేయండి, ధైర్యం చేయండి, మీదైన శైలి వెతుక్కోండి. అందులో తప్పు లేదు. కానీ ఆ మాట విని ఇంటికెళ్లిన మనిషి మర్నాడు మిషను ముందు కూర్చుని ఏం మార్చుకోవాలి? ఎన్ని అంగుళాలు, ఎక్కడ, ఎందుకు? అది చెప్పనంతవరకు ఆ సలహా వల్ల పని బాగుపడదు. పైగా, ఎదగడానికి అవసరమైన సమాచారంలో చాలా భాగం మీ దగ్గరే ఉండిపోతోంది. అందుకే సలహా కాదు, ఈ కింది ఏడు విషయాల్లో మార్పు కోరుతున్నాం.

1. కాదన్నప్పుడు కారణం రాయండి

“ఈసారి మీ పని ఎంపిక కాలేదు” అన్న ఒక్క వాక్యం అందుకున్నవారు కారణం ఊహించుకుంటారు. ఆ ఊహ ఎక్కువగా రంగుల మీదికో డిజైను మీదికో పోతుంది. నిజానికి మీరు పక్కన పెట్టింది బోర్డరు, అంటే బొంత చుట్టూ కుట్టే అంచు పట్టీ, అలలు పడినందుకు కావచ్చు. ఆ సంగతి తెలియక కుట్టిన మనిషి తనకున్న మంచి రంగుల తీరునే మార్చేసుకుంటుంది. అలలు పడే బోర్డరు మాత్రం తర్వాతి బొంతలోనూ అలాగే వస్తుంది. ఏడాదికి ఒకే ఒక్క బొంత పూర్తి చేయగలిగే మనిషికి ఇది ఒక ఏడాది నష్టం.

మీరు రాయాల్సింది వ్యాసం కాదు, మూడు వాక్యాలు. అవి ఎలా ఉంటే పనికొస్తాయో చూడండి.

“బోర్డరు అలలు పడింది.” ఈ మాట చాలు, మిగతా దారి దొరుకుతుంది. ముక్కలు కలిపి కుట్టిన పై పొరను ఎన్నోసార్లు చేతుల్లో తిప్పుతాం కాబట్టి దాని అంచులు సాగిపోతాయి. ఐమూలగా కత్తిరించిన ముక్కలు అంచుకు వస్తే మరీ సాగుతాయి. సాగిన అంచు వెంట పొడుగు పట్టీని పెట్టి కుట్టుకుంటూ పోయి, చివర మిగిలింది కత్తిరిస్తే, ఆ సాగుడంతా బోర్డరులోకి చేరుతుంది. పై పొరను మధ్యలోనూ, రెండు అంచులకు కాస్త లోపలా, మొత్తం మూడు చోట్ల కొలవాలి. సగటు తీసి రెండు పట్టీలనూ ఆ పొడవుకే ముందుగా కత్తిరించాలి. పట్టీనీ పై పొర అంచునూ విడివిడిగా నాలుగు భాగాలు చేసి గుర్తు పెట్టుకుని, గుర్తులు కలిపి గుండుసూదులు గుచ్చి, ఆ తర్వాతే కుట్టాలి.

“మూలలు కలవలేదు.” ఇది దాదాపు ఎప్పుడూ కుట్టుకు వదిలే పావు అంగుళంలో వచ్చే తేడా. వరసకు 8 ముక్కలుంటే 7 కుట్లు. ఒక్కో అంచున అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పోయినా, కుట్టుకు రెండు అంచులు కాబట్టి ఎనిమిదో వంతు పోతుంది. ఏడు కుట్లకు కలిపి ముప్పాతిక అంగుళం దాటి తగ్గుతుంది. పక్కనే రెండే ముక్కలున్న బ్లాకు (ముక్కలు కలిపి కుట్టిన చదరం) వస్తే ఆ రెండూ ఎలా కలుస్తాయి? లాగి కుడతారు, గుడ్డ ముడత పడుతుంది. ముడతను ఇస్త్రీతో అణచాలని చూస్తారు, అప్పుడు ఐమూల అంచు సాగుతుంది. ఒక్క తేడా ఇలా మూడు తప్పులుగా కనిపిస్తుంది. మొదటిది ఏదో చెప్పాల్సింది మీరే.

“వెనకవైపు దారం ముందుకు చుక్కల్లా కనిపిస్తోంది.” పై దారం బిగుతు ఎక్కువైనప్పుడో, బాబిన్ (కింది) దారం వదులైనప్పుడో ఇలా అవుతుంది. బొంతకు వాడిన గుడ్డ, దూది పొర, అస్తరులతోనే చిన్న ముక్క చేసి, దాని మీద బిగుతు సరిచూసుకోవడమే మందు. ఉత్త గుడ్డ మీద చూస్తే లెక్క తప్పుతుంది.

“మధ్యలో దట్టంగా కుట్టి, అంచులు వదిలేశారు.” దట్టంగా కుట్టినచోట బొంత కుంచించుకుంటుంది, వదిలేసినచోట ఉబ్బుతుంది. గోడకు వేలాడదీస్తే అంచులు ముందుకు వంగుతాయి. కుట్టు సాంద్రత బొంతంతటా దగ్గరదగ్గరగా ఉండాలన్న ఈ ఒక్క మాట ముందే తెలిస్తే ఎంతో శ్రమ మిగులుతుంది.

మా కోరిక: ప్రతి పనికీ నిర్మాణం, కూర్పు, ముగింపు అన్న మూడు గళ్లతో ఒక కాగితం ఉండాలి. ఒక్కో గడిలో ఒక్కో వాక్యం రాయండి. నిర్మాణంలో లోపాన్ని అభిరుచికి సంబంధించిన అభిప్రాయంతో కలపొద్దు. మొదటిది సరిదిద్దుకోవాల్సింది, రెండోది ఆలోచించుకోవాల్సింది.

2. శిబిరంలో వస్తువు కాదు, పరీక్షించుకునే పద్ధతి నేర్పండి

రెండు రోజుల శిబిరం ముగిసేసరికి ఇరవై మంది చేతుల్లోనూ ఒకే గోడబొమ్మ ఉంటుంది. ఫొటోలకు బాగుంటుంది. కానీ ఇంటికెళ్లి వేరే గుడ్డతో కుట్టబోతే ఏదీ సరిగా రాదు, ఎందుకు రాలేదో కనుక్కునే దారీ తెలియదు.

మొదటి అరగంట ఈ పరీక్షకు కేటాయించండి. ఒకటిన్నర అంగుళాల వెడల్పున్న మూడు పట్టీలు కత్తిరించి, పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి కొలవాలి. మొత్తం వెడల్పు మూడున్నర అంగుళాలు, నడిమి పట్టీ సరిగ్గా ఒక అంగుళం రావాలి. తక్కువ వస్తే కుట్టుకు గుడ్డ ఎక్కువ పోతోందని అర్థం. కుట్టు మడత తిరిగేచోట కూడా ఒకటి రెండు పోగుల మందం గుడ్డ పోతుంది. అందుకే నిండు పావు అంగుళానికి పోగు తక్కువగా కుట్టాలి. ఇస్త్రీ పెట్టెను రుద్దకుండా, పెట్టి ఎత్తాలి. రుద్దితే గుడ్డ సాగుతుంది, కొలత మారుతుంది.

రెండో అరగంట రంగు పరీక్షకు. ముదురు ఎరుపు, నీలం గుడ్డల ముక్కల్ని తడిపి తెల్ల గుడ్డ మధ్య ఒత్తి ఉంచాలి. తెలుపుకు రంగు అంటితే ఆ గుడ్డను విడిగా ఉతకాలి, నీళ్లు తేటపడేదాకా. అప్పటికీ దిగుతూనే ఉంటే ఆ గుడ్డను తెలుపు పక్కన వాడకూడదు. నెలల పనిని మొదటి ఉతుకులో పోగొట్టుకున్నవారికి ఈ అరగంట విలువ తెలుసు.

మూడోది నమూనా పుస్తకం. పది అంగుళాల చదరంగా పై గుడ్డ, దూది పొర, అస్తరు కలిపి, దాని మీద కుట్టి చూసి, అక్కడే రాసుకోవాలి: సూది నంబరు 75నా, 80నా, 90నా, దారం మందం 40నా, 50నా, కుట్టు పొడవు, బిగుతు అంకె, దూది పొర ఏ రకం. ఎనిమిది గంటల కుట్టుకు ఒకసారి సూది మార్చాలన్న అలవాటు కూడా ఈ పుస్తకంతోనే పడుతుంది. మొద్దుబారిన సూది పోగుల్ని చీల్చదు, లాగుతుంది. కుట్లు దాటిపోవడానికి మిషను కన్నా ముందు సూదినే అనుమానించాలి.

సొంత శైలి గురించి కూడా ఇలాగే, చేతికి పని చెప్పేలా మాట్లాడండి. ఒకే బ్లాకు, ఒకే పరిమాణం, 12 అంగుళాలు అనుకుందాం. దాన్ని ఏడుసార్లు కుట్టించండి. ప్రతిసారీ ఒకే ఒక్క అంశం మార్చాలి: ఒకసారి లేత ముదురుల అమరిక, ఒకసారి ముక్కల పరిమాణం, ఒకసారి గీతల దిశ, ఒకసారి ఖాళీ స్థలం. ఏడింటినీ గోడ మీద పక్కపక్కన పెట్టి, నలుపు తెలుపులో ఫొటో తీసి చూడమనండి. రంగులో వేరుగా కనిపించిన రెండు గుడ్డలు నలుపు తెలుపులో ఒక్కటైపోతే, డిజైను అక్కడే మసకబారిందని తెలుస్తుంది. తనకు ఏ మార్పు మీద మనసు నిలిచిందో ఏడో బ్లాకు నాటికి కుట్టేవారికే తెలిసిపోతుంది. శైలి అలా దొరుకుతుంది.

శిక్షకులకు ఇంకో మాట. మీ నమూనా చూసి కుట్టిన పనిని సొంత డిజైనుగా పోటీకి పంపకూడదని మొదటి రోజే చెప్పండి. ఎవరూ చెప్పక, తెలియక పంపి అవమానపడేది నేర్చుకునేవారే.

3. ధర లెక్క దాచకండి

“మీరు కొత్తవారు కదా, కాస్త తగ్గించి పెట్టండి” అని చెప్పేవారు, ఆ బొంతలో ఎన్ని గంటలున్నాయో అడగరు. కుట్టేవారు కూడా లెక్క పెట్టుకోరు. ముక్కలు కలిపిన గంటలు మాత్రమే గుర్తుంటాయి. డిజైను గీయడం, గుడ్డ ఉతికి ఇస్త్రీ చేయడం, కత్తిరించడం, మూడు పొరలు పరిచి టాకాలు వేయడం, కుట్టడం, బైండింగ్ (అంచుల్ని మూసే పట్టీ) వేయడం, వేలాడదీసే కడ్డీ దూర్చడానికి వెనక గొట్టంలా పట్టీ కుట్టడం, ఫొటో తీయడం, మూట కట్టడం ఇవేవీ లెక్కలోకి రావు. మిషను పక్కనే ఒక కాగితం పెట్టి, కూర్చున్న సమయం, లేచిన సమయం రాసుకుంటే మూడు బొంతలు పూర్తయ్యేసరికి అసలు లెక్క చేతికొస్తుంది.

గుడ్డ లెక్కలోనూ ఇదే పొరపాటు. 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవున్న బొంత తీసుకోండి. అస్తరు నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి కాబట్టి 68, 88 కావాలి. 42 అంగుళాల పన్నా ఉన్న గుడ్డయితే 88 అంగుళాల పొడవున్న రెండు ముక్కలు, అంటే దాదాపు నాలుగున్నర మీటర్లు. బైండింగ్‌కు చుట్టుకొలత 280, మూలలకూ అతుకులకూ ఇంకో 12, మొత్తం 292 అంగుళాలు. పన్నాలో వాడుకోగలిగే 40 అంగుళాలతో భాగిస్తే 8 పట్టీలు. ఒక్కోటి రెండున్నర అంగుళాలు, అంటే 20 అంగుళాల గుడ్డ. పై పొర గుడ్డ ఒక్కటే లెక్కేసుకుని ధర చెప్పినవారు ఈ అస్తరు, బైండింగ్, దూది పొర, దారం ఖర్చంతా తమ జేబులోంచి పెట్టుకున్నట్టే.

ఇక కమిషన్. ఇక్కడ జరిగే తప్పు చిన్న లెక్కలో ఉంది. కుట్టినవారి చేతికి 600 రావాలి, కమిషన్ నూటికి 40 అనుకుందాం. చాలామంది 600 మీద 40 శాతం కలిపి 840 ధర పెడతారు. అమ్ముడుపోయాక 840లో 40 శాతం, అంటే 336 పోయి 504 చేతికొస్తుంది. 96 నష్టం. సరైన లెక్క 600ను 0.6తో భాగించడం: ధర 1000. ఈ ఒక్క పంక్తిని దరఖాస్తు పత్రం మీద అచ్చు వేస్తే ఎంతోమంది నష్టం ఆగుతుంది. మీకూ అదనపు ఖర్చు లేదు.

మా కోరికలు: కమిషన్ ఎంతో దరఖాస్తుకు ముందే ప్రకటించండి. కుట్టినవారిని అడగకుండా కొనేవారికి తగ్గింపు ఇవ్వొద్దు. అమ్మకం జరిగిన 30 రోజుల్లో డబ్బు చెల్లించండి. “పేరొస్తుంది” అన్న మాటను పారితోషికం గళ్లో రాయొద్దు. ఒకరు గుడ్డ ఖర్చుకే బొంత అమ్ముకుంటే, పక్కన నిజమైన ధర పెట్టిన మనిషి దోపిడీదారులా కనిపిస్తుంది. ఆ తగ్గింపు భారం దీని మీద బతికేవారందరి మీదా పడుతుంది.

4. వేలాడదీసేటప్పుడు, తిప్పి పంపేటప్పుడు

పైఅంచుకు మేకులు, క్లిప్పులు వద్దు. బరువంతా ఆ నాలుగు చోట్ల పడి గుడ్డ సాగుతుంది. బొంత వెనక నాలుగు అంగుళాల వెడల్పున గొట్టంలాంటి పట్టీ కుట్టి రమ్మని మీరే అడుగుతున్నారు, అది మంచి పద్ధతి. కానీ దాన్ని చదునుగా కుడితే కడ్డీ మందం బొంత ముఖాన్ని ముందుకు తోస్తుందని, బయటి పొరలో అర అంగుళం వదులు ఉంచాలని నియమావళిలో ఎక్కడా రాయరు. రాయండి.

వెలుగు విషయంలో మ్యూజియంలు పాటించే 50 లక్స్ (వెలుగు కొలత) పరిమితిని మీరూ పాటించండి. కిటికీ ఎండ అసలే వద్దు. వెలిసిన రంగు తిరిగి రాదు.

బొంతను చతురస్రంగా మడిచి పంపితే మడత గీతల దగ్గర దూది పొర నలిగి, ఆ గీత శాశ్వతంగా మిగులుతుంది. వెడల్పాటి గొట్టానికి ఆమ్లం లేని కాగితం చుట్టి, బొంత ముఖం బయటికి వచ్చేలా చుట్టి పంపాలి. ముఖం లోపలికి పెడితే పై పొర ముడతలు పడుతుంది. వచ్చినప్పుడూ వెళ్లేటప్పుడూ స్థితి ఎలా ఉందో ఇద్దరూ సంతకం చేసిన కాగితం ఉండాలి. అది లేకే, మరక ఎక్కడ పడిందన్న వాదన ఎప్పుడూ కుట్టినవారి ఓటమితో ముగుస్తోంది.

5. చేతులు, మెడ, వెన్ను

ఈ విషయం మీ సలహాల్లో కనిపించదు, కానీ చాలామంది పని మానేసేది ఇక్కడే. కత్తిరించే బల్ల నిలబడ్డ మనిషి మోచేతి ఎత్తుకు కాస్త కింద ఉండాలి. భోజనాల బల్ల మీద వంగి కత్తిరిస్తే వెన్ను ముందుగా హెచ్చరిస్తుంది. కుట్టేటప్పుడు మిషను పలక మోచేతి ఎత్తులో ఉండాలి. బరువైన బొంతను ఒడిలోకి వదిలేస్తే అది సూది దగ్గర లాగుతూనే ఉంటుంది. కుట్లు చిన్నవీ పెద్దవీ పడతాయి, భుజాలు పట్టేస్తాయి. ఎడమ పక్క ఇంకో బల్ల వేసి బరువును దాని మీద నిలపాలి.

రోటరీ కట్టర్ (చక్రంలా తిరిగే కత్తి) బ్లేడు మొద్దుబారితే మనం గట్టిగా నొక్కుతాం. నొక్కినప్పుడు స్కేలు జారుతుంది, వేలు తెగుతుంది. ప్రతి కోతకూ బ్లేడు మూయడం అలవాటు కావాలి. అరగంటకోసారి లేవాలి. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్లు తిమ్మిరెక్కుతుంటే మణికట్టు దగ్గర నరం నలుగుతుండవచ్చు. దాన్ని అలసట అనుకుని నెలలు గడపకుండా వైద్యుల్ని కలవాలి. పట్టుదల మంచిదే, కానీ చచ్చుబడిన వేళ్లకు సూది దొరకదు.

మా కోరిక: శిబిరాల్లో ఎత్తు సరిచేయగల బల్లలు పెట్టండి. ప్రదర్శనల్లో రోజంతా కుట్టి చూపించమని పిలిచినప్పుడు వీపుకు ఆనుకునే కుర్చీ, గంటకోసారి విరామం, ఆ రోజుకు కూలి ఇవ్వండి.

6. పేరు, వివరం, హక్కు

1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం గోడల మీద పాత బొంతల్ని చిత్రాల్లా వేలాడదీశారు. బొంత కళేనని చాలామంది ఒప్పుకోవడానికి అది దారి వేసింది. కుట్టిన చేతులెవరివో మాత్రం వాటిలో చాలావాటికి తెలియదు.

దీనికి ఎదురుగా హ్యారియెట్ పవర్స్‌ను తలచుకోవాలి. బానిసత్వంలో పుట్టిన ఆవిడ కుట్టిన బైబిలు కథల బొంతను 1886లో జార్జియాలోని ఏథెన్స్ పత్తి సంతలో ప్రదర్శించారు. మొదట అమ్మనన్న ఆవిడ, కొన్నేళ్లకు ఇబ్బందులు వచ్చి పది డాలర్లు అడిగి ఐదింటికే ఇచ్చేశారు. కొన్న జెన్నీ స్మిత్ ఒక్కో గడిలో ఏముందో పవర్స్ నోటే చెప్పించుకుని రాసి పెట్టారు. ఇవాళ అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్న ఆ బొంతలోని పదకొండు గళ్ల అర్థం మనకు తెలుస్తోందంటే ఆ రాతల వల్లే. ఆ కాగితమే లేకపోతే ఆ బొంతా ‘ఎవరో కుట్టినది’గానే మిగిలేది.

కాబట్టి ప్రతి బొంత వెనకా గుడ్డ మీద రాసి కుట్టిన చీటీ ఉండాలి: పేరు, ఊరు, సంవత్సరం, కొలతలు, వాడిన గుడ్డలు, ఉతికే పద్ధతి. ముక్కలు కలిపింది ఒకరు, మిషను మీద మూడు పొరలూ కుట్టింది ఇంకొకరు అయితే ఇద్దరి పేర్లూ. మీరు గోడ మీద పెట్టే కార్డులోనూ ఆ రెండు పేర్లూ ఉండాలి. డిజైను వేరొకరిదైతే ఆ పేరు కూడా.

తొమ్మిది చదరాల బ్లాకు లాంటి తరతరాల నమూనాలు అందరివీ. ఒకరు కొత్తగా గీసిన డిజైను వారిది. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాల్లో ఈ హక్కుకు నమోదు అక్కర్లేదు, సృష్టించగానే వస్తుంది. బొంత కొన్నవారికి బొంత దక్కుతుంది కానీ డిజైను హక్కు దానంతట అదే దక్కదు. మీ ప్రచార క్యాలెండర్లకూ సంచుల మీదికీ ఆ బొమ్మలు వాడాలంటే రాతపూర్వకంగా అడగండి. దరఖాస్తు అడుగున చిన్న అక్షరాల్లో “అన్ని హక్కులూ నిర్వాహకులవే” అన్న పంక్తిని తొలగించండి.

7. ప్రవేశ రుసుము

ఎంపిక కానివారి దగ్గరా రుసుము తీసుకుంటున్నారు. పరిశీలనకు ఖర్చుంటుంది కాబట్టి దాన్ని తప్పు పట్టం. కానీ పరిశీలించి ఏం చూశారో చెప్పకపోతే ఆ డబ్బుకు ఏం దక్కినట్టు? రుసుము తీసుకుంటే మొదటి అంశంలోని మూడు వాక్యాలూ ఇవ్వండి, లేదంటే తిరిగి చెల్లించండి.

ఈ ఏడింటిలో దేనికి ఒప్పుకుంటారో, దేనికి ఒప్పుకోరో, ఎందుకో మీ తర్వాతి ప్రదర్శన నియమావళిలో అచ్చు వేయమని కోరుతున్నాం. అన్నీ ఒకేసారి కుదరకపోతే మొదటిదానితో మొదలుపెట్టండి. మూడు గళ్ల కాగితం నమూనా మేమే తయారుచేసి ఇస్తాం. పనుల సంఖ్య ఎక్కువై న్యాయనిర్ణేతలకు రాసే తీరిక లేదంటే, వారు చెబుతుంటే పక్కన కూర్చుని రాసిపెట్టడానికి మాలో ఎవరైనా వస్తాం.

ఇట్లు,
బొంతలు కుట్టే, కుట్టడం నేర్పే కొందరం